ముందు దాచక్కర్లేనివి పక్కకు తీద్దాం

(హైదరాబాద్‌లో చిన్న, మధ్యతరహా సంస్థల సిబ్బంది కోసం, ఆఫీసు సమాచార గోప్యత మీద ఏర్పాటైన అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. జీడిమెట్ల నుంచి, బాలానగర్ నుంచి వచ్చినవాళ్లు ఈ ట్రాఫిక్ దాటుకుని టైముకి కూర్చున్నారంటేనే మీ ఓపిక తెలుస్తోంది. ఫార్మావాళ్లు ఎవరు, ఒకసారి చేతులెత్తండి. బాగానే ఉన్నారు. సాఫ్ట్‌వేర్? అకౌంట్స్, హెచ్‌ఆర్? సరే, అందరికీ తలా కాస్త చెప్తాను. పీపీటీ లేదు. కాబట్టి ఫొటోలు తీసే పని కూడా లేదు. (నవ్వులు)

మీ ఆఫీసు మెయిళ్ల కింద ఒక పేరా ఉంటుంది చూశారా? ఈ మెయిల్‌లోని సమాచారం గోప్యమైనది, పొరపాటున మీకు వస్తే వెంటనే డిలీట్ చేయండి అని. దాన్ని మీలో ఎవరైనా ఈ ఏడాదిలో చదివారా? ఎవరూ చదవలేదు. ఎందుకు చదువుతారు? బర్త్‌డే కేక్ కటింగ్ మెయిల్ కింద కూడా అదే పేరా ఉంటుంది. ఒక కంపెనీకి ఆడిట్‌కి వెళ్లాను. క్యాంటీన్ మెనూ గోడకి అంటించి ఉంది. సోమవారం పులిహోర, మంగళవారం పప్పుచారు. పైన ఎర్రటి అక్షరాలతో 'స్ట్రిక్ట్‌లీ కాన్ఫిడెన్షియల్'. కంపెనీ టెంప్లేట్‌లోనే ఆ ముద్ర ఉంది మరి, ఏది ప్రింట్ తీసినా వస్తుంది. అదే కంపెనీలో అందరి జీతాలూ ఉన్న ఎక్సెల్ షీట్, అందరూ తెరవగలిగే షేర్డ్ డ్రైవ్‌లో 'న్యూ ఫోల్డర్ 2' అనే పేరుతో ఉంది. దాని మీద మాత్రం ఏ ముద్రా లేదు, ఎందుకంటే అది టెంప్లేట్‌లో చేసింది కాదు.

నేను చాలా ఆఫీసుల్లో చూసిన జబ్బు ఇదే. తాళాలు కొంటారు, సాఫ్ట్‌వేర్ కొంటారు, కెమెరాలు పెడతారు. ఏది దాచాలో మాత్రం కూర్చుని తేల్చుకోరు. తేల్చుకోవడం కష్టం కాబట్టి అన్నిటికీ ఒకే ముద్ర. ఇంట్లో ఉప్పు డబ్బాకి, పప్పు డబ్బాకి, బీరువాకి అన్నిటికీ తాళాలేస్తే ఏమవుతుంది? రెండ్రోజులు విసుక్కుని, మూడోరోజు తాళంచెవులన్నీ గుత్తిగా వంటింటి మేకుకి తగిలిస్తారు. బీరువాది కూడా అందులోనే ఉంటుంది.

అందుకని పని అటువైపు నుంచి మొదలుపెట్టమంటాను. ముందు దాచక్కర్లేనివి పక్కకు తీయండి. హాలిడే లిస్టు, క్యాంటీన్ మెనూ, వెబ్‌సైట్‌లో ఉన్న బ్రోషర్, ఆఫీసు అడ్రసు, జీఎస్‌టీ నంబరు. ఇవి బయటివాళ్లకి తెలిసినా ఎవరికీ ఏమీ కాదు. వాటి మీద ముద్ర తీసేయండి. కుప్ప ఎంత తగ్గిపోతుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. మిగిలినదాని గురించి ఆలోచించడానికి అప్పుడు ఓపిక ఉంటుంది.

మిగిలిన కాగితం ఏది చేతిలోకి తీసుకున్నా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది బయటికి పోతే దెబ్బ తగిలేది ఎవరికి? ఆ దెబ్బ ఎంతకాలం ఉంటుంది?

మొదటి ప్రశ్న దగ్గర చాలామంది కంపెనీకి అనేసి ఊరుకుంటారు. మీ దగ్గరున్నదంతా మీది కాదు. మీ రేట్లు, మీ లాభం, మీ కొత్త ప్రాడక్ట్ ప్లాను మీవి. వాటిని బయటపెట్టుకుంటే మీ ఇష్టం, మీ నష్టం. ఉద్యోగి మెడికల్ రిపోర్టు మీది కాదు. కస్టమర్ ఇచ్చిన డ్రాయింగ్ మీది కాదు. ఇంటర్వ్యూకి వచ్చి, సెలెక్ట్ కాకుండా వెళ్లిపోయిన అబ్బాయి ఆధార్ కాపీ అసలే మీది కాదు. అది మీ హెచ్‌ఆర్ మెయిల్‌లో ఎన్నేళ్లుగా ఉందో ఈ రాత్రి వెళ్లి చూడండి. అలాంటివాటిని భద్రంగా దాచడం ఎలా అని నన్ను అడగొద్దు. అవసరం తీరినవాటిని తీసేయండి. లేని ఫైలు లీక్ అవ్వదు కదా.

ఇక రెండో ప్రశ్న, కాలం. దీన్ని దాదాపు ఎవరూ అడగరు, అసలు కిటుకు ఇక్కడే ఉంది. షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ సంగతి తీసుకుందాం. మూడు నెలల లెక్కలు తయారవుతుంటాయి. లాభమెంతో అకౌంట్స్‌లో నలుగురికి తెలుసు. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం ఆ అంకె మామూలు అంకె కాదు. త్రైమాసికం ముగిసిన దగ్గర్నుంచి, ఫలితాలు ప్రకటించాక 48 గంటలు గడిచేదాకా, లోపలివాళ్లు ఆ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. ఆ సమాచారం ఎవరెవరికి చేరిందో పాన్ నంబర్లతో సహా ఒక డేటాబేస్‌లో రాసిపెట్టాలి. 2017లో కొన్ని పెద్ద కంపెనీల ఫలితాలు ప్రకటనకి ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయని బయటపడితే సెబీ విచారణ మొదలుపెట్టింది. అంత ప్రాణం ఉన్న అంకె. బోర్డు మీటింగ్ అయిపోయి, స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపేశాక? మర్నాడు మనమే డబ్బులిచ్చి పేపర్లో వేయిస్తాం. ఆ మర్నాడు అందులో పల్లీలు కట్టిస్తారు.

మీవి లిస్టెడ్ కంపెనీలు కాకపోవచ్చు. టెండర్లు వేస్తారుగా? ప్రైస్ బిడ్ తెరిచేదాకా మీ రేటు మహా రహస్యం. తెరిచాక పోటీదారులందరికీ తెలిసిపోతుంది. కానీ ఆ రేటు ఎలా వచ్చింది, సరుకు ఎంతకి కొంటున్నారు, మార్జిన్ ఎంత, అవి వేసిన వర్కింగ్ షీట్ మాత్రం వచ్చే టెండరుకి కూడా పనికొస్తుంది. దాని ఆయుష్షు ఎక్కువ. అందుకే లేబుల్ పక్కన ఒక తేదీ కూడా ఉండాలంటాను. ఫలానా రోజుదాకా కాన్ఫిడెన్షియల్, ఆ తర్వాత ఇంటర్నల్, అంటే ఆఫీసు లోపల ఎవరైనా చూడొచ్చు. తేదీ లేని లేబుల్‌ని తర్వాత తీసేసేవాళ్లు ఉండరు. పదేళ్ల నాటి కొటేషన్లు ఇప్పటికీ గోప్యంగానే బీరువాల్లో మగ్గుతుంటాయి.

గోప్యతకి ఎన్ని మెట్లు పెట్టాలి? ప్రభుత్వంలో టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రిస్ట్రిక్టెడ్ అని నాలుగున్నాయి. దాన్ని చూసి కంపెనీలన్నీ నాలుగు పెట్టుకున్నాయి. సమాచార భద్రతకి ఇచ్చే ఐఎస్ఓ 27001 సర్టిఫికెట్ కావాలని కన్సల్టెంట్‌ని పిలుస్తారు, ఆయన కూడా నాలుగు గళ్ల టేబుల్ ఇచ్చిపోతాడు. ఆ స్టాండర్డ్ 2022 ఎడిషన్ అనుబంధంలో 93 కంట్రోల్స్, అంటే తీసుకోవాల్సిన జాగ్రత్తలు, ఉన్నాయి. సమాచారాన్ని వర్గీకరించుకోండి అని 5.12లో, లేబుల్ వేసే పద్ధతి పెట్టుకోండి అని 5.13లో ఉంది. నాలుగే ఉండాలని ఎక్కడా లేదు. అరవైమంది పనిచేసే చోట మూడు చాలు. పబ్లిక్, ఇంటర్నల్, కాన్ఫిడెన్షియల్. వాటికి పైన నాలుగోది కావాలంటే నేను ఒక షరతు పెడతాను. ఆ కాగితం చూడదగ్గవాళ్ల పేర్లు కింద రాయండి, పేర్లు, హోదాలు కాదు. రాయగలిగితే అది రిస్ట్రిక్టెడ్. 'మేనేజ్‌మెంట్ అండ్ కన్సర్న్డ్ స్టాఫ్' అని రాశారంటే అది ఉత్త కాన్ఫిడెన్షియలే.

లేబుల్ ఎవరు వేయాలి? అది తయారుచేసిన మనిషి. ఐటీ డిపార్ట్‌మెంట్ కాదు. పర్చేజ్‌వాళ్ల రేట్ కంపారిజన్ షీట్ విలువ ఐటీ కుర్రాడికి ఏం తెలుస్తుంది? మీరు చెప్తే అతను యాక్సెస్ తీసేస్తాడు, బ్యాకప్ పెడతాడు. చెప్పకపోతే అతనికి అన్నీ ఒకే సైజు ఫైళ్లు.

ఇప్పుడు ఫార్మావాళ్ల దగ్గరికొస్తాను. ఈ విషయంలో దేశానికి పాఠం చెప్పగలిగిన ఊరు మనది. కొంచెం వెనక్కి వెళ్దాం. 1970 పేటెంట్ల చట్టం మందులకి ప్రాసెస్ పేటెంట్, అంటే తయారుచేసే పద్ధతి మీద పేటెంట్, మాత్రమే ఇచ్చింది. 2005 జనవరి నుంచి మళ్లీ మందు మీదే పేటెంట్ వచ్చింది. ఆ మధ్య కాలమంతా బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు బతికింది ప్రాసెస్ మీద. మందు అణువు ఏమిటో పుస్తకంలో ఉంటుంది. దాన్ని ఎన్ని స్టేజీల్లో చేస్తున్నాం, ఏ సాల్వెంట్ వాడుతున్నాం, ఎంత ఈల్డ్, అంటే దిగుబడి, వస్తోంది, అదీ కంపెనీ గుట్టు. ఇప్పటికీ పేటెంట్ అయిపోయిన మందుల్లో అంతే.

మందుని విదేశాల్లో అమ్మేటప్పుడు ఆ గుట్టుని ఎలా రాస్తారో రెగ్యులేటరీవాళ్లకి తెలుసు, మిగతావాళ్లు వినండి. బల్క్ డ్రగ్, అంటే మాత్రల్లో వేసే అసలు మందు, తయారుచేసేవాళ్లు మాస్టర్ ఫైల్ అని ఒకటి దాఖలు చేస్తారు. యూరప్‌లో దాన్ని రెండు భాగాలుగా ఇవ్వాలి. ఒకటి అప్లికెంట్స్ పార్ట్. మన దగ్గర సరుకు కొని మాత్రలు చేసే కంపెనీ దీన్ని చూస్తుంది. అందులో స్పెసిఫికేషన్లు ఉంటాయి, ఇంప్యూరిటీలు, అంటే సరుకులో మిగిలిన మలినాలు, ఉంటాయి, సరుకు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చెప్పే స్టెబిలిటీ డేటా ఉంటుంది, ప్రాసెస్ క్లుప్తంగా ఒక ఫ్లో చార్ట్‌లా ఉంటుంది. రెండోది రిస్ట్రిక్టెడ్ పార్ట్. ఏ స్టేజీలో ఎంత వేశారు, ఎంత ఉష్ణోగ్రత, ఎంతసేపు, ప్రాసెస్ మధ్యలో ఏం చెక్ చేశారు, ఆ వివరమంతా ఇందులో. ఇది కొనేవాడికి వెళ్లదు. నేరుగా ఔషధ నియంత్రణ సంస్థకే వెళ్తుంది. అమెరికాలో అయితే ఫైలు అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి వెళ్తుంది, కొనేవాళ్లు దాన్ని ఆధారంగా చూపుకోవడానికి వాళ్లకి ఒక ఆథరైజేషన్ లెటర్ ఇస్తారు.

ఇందులో తెలివి గమనించండి. మొత్తం ఫైలుకి సీక్రెట్ ముద్ర గుద్దలేదు. రాసేటప్పుడే కోశారు. ఎక్కడ కోశారు? మాత్ర మింగే రోగి క్షేమానికి కొనేవాడు జవాబుదారీ, కాబట్టి ఇంప్యూరిటీల సంగతి అతనికి తెలియాలి. అది దాచడానికి లేదు. టెంపరేచర్ ఎంతో అతనికి తెలియాల్సిన అవసరం లేదు. ఎవరికి ఏ పని ఉందో దాన్నిబట్టి గీత గీశారు. మీ ప్రపోజల్స్, మీ ప్రాజెక్ట్ రిపోర్టులు కూడా ఇలా రాయండి. చూపించే భాగం ఒక ఫైలు, చూపించని భాగం ఇంకో ఫైలు. ఒకే ఫైల్‌లో కలిపేసి, పంపేముందు హడావుడిగా పేజీలు తీసేద్దాం అనుకుంటే ఒకరోజు ఏదో ఒక పేజీ ఉండిపోతుంది.

ఫ్యాక్టరీల్లో ఒక్కో విడత మందు ఎలా చేశారో రాసే బ్యాచ్ రికార్డులు ఎంత జాగ్రత్తగా చూస్తారో నాకు తెలుసు. ప్రతి పేజీకి నంబరు, నాణ్యత చూసే క్యూఏవాళ్ల సంతకం, ఇచ్చినన్ని పేజీలూ తిరిగి రావాలి, పాడైన పేజీ కూడా. గేటు దగ్గర ఫోన్లు పెట్టించుకుంటారు. మంచిదే. అదే గేటు దగ్గర టేబుల్ మీద ఒక పొడుగు రిజిస్టర్ తెరిచి ఉంటుంది. టోలీన్ ట్యాంకర్, ఫలానా సప్లయర్, ఇన్ని కిలోలు, ఇన్ని గంటలకి. పక్కన మెథనాల్, కాస్టిక్. వచ్చిన ప్రతి డ్రైవరూ పై లైన్లన్నీ చదువుతూ తన లైన్ రాస్తాడు. అనుభవమున్న కెమిస్ట్ చేతికి ఆ రిజిస్టర్ ఒక నెలది ఇవ్వండి. మీరు ఏం చేస్తున్నారో, ఏ దారిలో చేస్తున్నారో, నెలకెంత చేస్తున్నారో చాలావరకు చెప్పేస్తాడు. ఒక్కో లైను చూస్తే ఏముంది, మామూలు ఇంటర్నల్. ముప్పై రోజులవి కలిస్తే కాన్ఫిడెన్షియల్. వర్గీకరణ చేసేటప్పుడు విడి కాగితాన్నే కాదు, పోగుపడ్డాక అది ఏమవుతుందో కూడా చూడాలి. సెక్యూరిటీ గార్డుకి ఈ ట్రైనింగ్ ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. ఇలాంటి సదస్సులకి మేనేజర్లనే పంపిస్తారు. (నవ్వులు)

దాచకూడనివి కూడా కొన్ని ఉన్నాయి, అది చెప్పకుండా ముందుకెళ్లలేను. భోపాల్ దుర్ఘటన జరిగింది 1984లో. ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చి, ప్రమాదకరమైన పదార్థాల వల్ల వచ్చే ముప్పేమిటో కార్మికులకి, అధికారులకి, చుట్టుపక్కల జనానికి చెప్పితీరాలన్నారు. డ్రమ్ముకి కోడ్ పేరు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అది చర్మం మీద పడితే ఏమవుతుంది, కళ్లలో పడితే ఏం చేయాలి అన్నది ఆ డ్రమ్ము ఎత్తే మనిషికి తెలియాలి. తెలుగులో రాయండి. మీ షాప్ ఫ్లోర్‌లో ఒడిశా, బిహార్ వాళ్లుంటే ఒడియాలో, హిందీలో కూడా రాయండి. ట్రేడ్ సీక్రెట్ అనే మాట అక్కడ పనిచేయదు.

రెండోది లెక్కల మోసం. 2009 జనవరి 7న సత్యం కంపెనీ ఛైర్మన్ లెక్కలు పెంచి చూపించానని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చిన రోజు ఈ హాల్లో పెద్దవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. గోప్యత ఒప్పందంలో సంతకం పెట్టాం కాబట్టి తప్పు కనిపించినా నోరు మూసుకోవాలని ఎవరైనా అంటే నమ్మకండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో ఉద్యోగులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండాలి. అక్కడ చెప్పుకోవడం లీక్ చేయడం కాదు.

కొన్నిటికి లేబుల్ చట్టమే వేసేసింది, మన ఇష్టంతో పని లేదు. లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే, 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినామె ఎవరు, ఎవరి మీద చేసింది, విచారణలో ఏం జరిగింది, ఇవేవీ బయటపెట్టకూడదు. క్యాంటీన్‌లో గుసగుసలాడినా బయటపెట్టడమే. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కింద, తగిన భద్రత పెట్టనందుకు జరిమానా 250 కోట్ల రూపాయలదాకా ఉంటుంది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఆ గడువుని సెలవులనుకోకండి.

సరే, లేబుల్ వేశాం. అసలు కారేది ఎక్కడ? హ్యాకర్లు ఉన్నారు, కాదనను. కానీ నేను చూసినంతలో ఎక్కువభాగం మన చేతులమీదుగానే పోతుంది.

ఆఫీసు ప్రింటర్ మొరాయించింది. కింద జిరాక్స్ షాపుకి పరుగెత్తాం. 'అన్నా, నీ నంబర్ చెప్పు, వాట్సాప్ చేస్తా.' మొన్న అమీర్‌పేటలో నేను అలాంటి షాపులో నిలబడి ఉన్నాను. ఆయన నా ముందున్నతని ఫైలు కోసం డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. స్క్రీన్ నా వైపే ఉంది. ఆఫర్ లెటర్లు, పాన్ కార్డులు, రెంటల్ అగ్రిమెంట్లు, ఎవరిదో ఎమ్మారై రిపోర్టు, మధ్యలో ఒక కంపెనీ కొటేషన్, దాని ఫైలు పేరులోనే 'ఫైనల్ రేట్' అని ఉంది. ఆయన్ని ఏమనగలం? పొద్దుటి నుంచి రాత్రిదాకా వచ్చే ఫైళ్లు ఆయనెక్కడ తుడుస్తూ కూర్చుంటాడు? చాట్‌లో మీరు 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టినా, ఆయన కంప్యూటర్లోకి దిగిన కాపీ అక్కడే ఉంటుంది. తప్పనిసరైతే ఎదురుగా నిలబడి రెండుచోట్లా తీయించుకోండి. కాన్ఫిడెన్షియల్ అయితే అక్కడికి తీసుకెళ్లకండి, అంతే. ఇంకో మాట. మీ ఆఫీసులో ఉన్న పెద్ద జిరాక్స్ మెషీన్ల లోపల కూడా చాలావాటికి హార్డ్‌డిస్క్ ఉంటుంది. లీజు అయిపోయి మెషీన్ తిరిగి పంపేముందు దాన్ని తుడిపించండి.

అకౌంట్స్‌వాళ్లు కొంచెం ముందుకి వంగండి. ఎక్సెల్‌లో కాలమ్ హైడ్ చేయడం దాచడం కాదు. నలుగురు వెండర్ల రేట్లున్న షీట్‌లో మూడు కాలమ్స్ హైడ్ చేసి నాలుగో వెండర్‌కి పంపిస్తారు. ఆయన మౌస్‌తో రైట్ క్లిక్ కొట్టి అన్‌హైడ్ అంటాడు. మర్నాడు ఆయన రేటు సరిగ్గా అందరికంటే కొంచెం తక్కువగా వస్తుంది, మనం మన బేరానికి మురిసిపోతాం. మొత్తాలు కూడి చూపే పివట్ టేబుల్ పంపినా అంతే, వెనక ఉన్న డేటా దాంతోపాటే వెళ్లొచ్చు. పీడీఎఫ్ మీద నల్ల పెట్టెలు గీయడం ఇంకో పిచ్చి. చాలాసార్లు ఆ పెట్టె కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే చదివేయొచ్చు. కావాల్సిన గళ్లు మాత్రం కొత్త ఫైల్‌లోకి వాల్యూస్‌గా పేస్ట్ చేసి పంపండి. రెండు నిమిషాల పని.

సాఫ్ట్‌వేర్ పిల్లలకి. కోచింగుల్లో 'రియల్ టైమ్ ప్రాజెక్ట్' పేరుతో ఇచ్చే నోట్స్‌లో నిజమైన క్లయింట్ స్క్రీన్లు కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. అవి ఎవరో ఉద్యోగి తీసినవే కదా, ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంటర్వ్యూల్లో కూడా మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి అనగానే క్లయింట్ పేరు, సర్వర్లు, వర్షన్లతో సహా అప్పజెప్పేస్తారు. మీరు ఏ సమస్య తీర్చారో చెప్పండి, ఎవరి సమస్యో చెప్పక్కర్లేదు. మంచి ఇంటర్వ్యూయర్ అలా ఆగిన మనిషినే ఎక్కువ గౌరవిస్తాడు.

ఏఐ గురించి అడుగుతారని తెలుసు. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టారని తెలిశాక, ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్ని నిషేధించింది. నిషేధిస్తే ఆగుతుందని నేననుకోను. ఆఫీసు కంప్యూటర్‌లో బ్లాక్ చేస్తే జనం స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి ఫోన్‌లో అడుగుతారు, అది ఇంకా అధ్వాన్నం. కంపెనీయే డబ్బు కట్టి, మా డేటా మీ శిక్షణకి వాడకూడదని ఒప్పందం రాసుకున్న అకౌంట్ ఇవ్వండి. ఏ లేబుల్ ఉన్నది అందులో పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో ఒక్క లైన్‌లో చెప్పండి. క్యాంటీన్ మెనూ కూడా కాన్ఫిడెన్షియలే అయిన ఆఫీసులో ఆ లైన్ రాయడం కుదరదు, అదీ తంటా.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. పాత రికార్డులు కిలోల లెక్కన అమ్మకండి. ష్రెడర్ కొనేటప్పుడు పొడుగు పేలికలుగా కోసేది కొనకండి. 1979లో టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆక్రమణకి గురైనప్పుడు, అక్కడివాళ్లు హడావుడిగా ముక్కలు చేసిన పేలికల్ని ఇరానీలు కూర్చుని మళ్లీ అతికించి, పుస్తకాలుగా అచ్చేశారు. అడ్డంగా, నిలువుగా కోసే క్రాస్ కట్ మెషీన్, పీ-4 అని రాసి ఉంటుంది, ఆఫీసుకి అది చాలు.

అన్నీ చేసినా ఒకరోజు పోతుంది. ఒకే పేరున్న ఇద్దరు మెయిల్ లిస్టులో ఉంటారు, మొదటి మూడక్షరాలు కొట్టగానే రెండో ఆయన వచ్చి కూర్చుంటాడు, మనం సెండ్ కొట్టేస్తాం. అప్పుడేం చేస్తారన్నదే ముఖ్యం. సైబర్ దాడి, డేటా చోరీ లాంటివి గమనించిన 6 గంటల్లోపు, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. కంప్యూటర్లలో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఆ ఆరు గంటల్లో నాలుగు గంటలు, బాస్‌కి చెప్పాలా వద్దా అన్న టెన్షన్‌లోనే పోతాయి. కంగారులో కొందరు మెయిల్ డిలీట్ చేస్తారు, ల్యాప్‌టాప్ ఫార్మాట్ కూడా కొట్టేస్తారు. దాంతో ఏం పోయిందో తెలుసుకునే దారి కూడా పోతుంది. దేన్నీ ముట్టుకోకుండా, వెంటనే చెప్పండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యజమానులకి నాదొక విన్నపం. మొదటి గంటలో వచ్చి చెప్పిన మనిషికి మెమో ఇవ్వకండి. ఇచ్చారంటే, ఆ తర్వాత మీ ఆఫీసులో ఎవరూ మొదటి గంటలో రారు.

నేను మాట్లాడింది చాలు. ప్రశ్నలు అడగండి.

(వెనక వరస నుంచి ఒక యువకుడు: సార్, నేను రాసిన కోడ్ నేను తీసుకెళ్తే తప్పేంటి? కంపెనీ మారితే మళ్లీ మొదటి నుంచి రాయాలా?)

రాయాలి బాబూ. ఉద్యోగంలో భాగంగా నువ్వు రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంపెనీదే. కానీ రాయడం వల్ల నీకొచ్చిన నేర్పు నీదే, దాన్ని ఎవరూ గేటు దగ్గర పెట్టించుకోలేరు. మానేశాక రెండేళ్లదాకా ఈ రంగంలో పనిచేయనని నీ చేత రాయించుకున్నా, మామూలుగా ఆ షరతు కోర్టులో నిలబడదు. 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అలాంటివాటిని చెల్లనివిగానే చూస్తుంది. రహస్యాలు బయటపెట్టనని రాసిచ్చింది మాత్రం వేరే సంగతి, అది మానేశాక కూడా వెంట వస్తుంది. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చిన కెమిస్టులే ఈ ఊరి బల్క్ డ్రగ్ పరిశ్రమకి పునాది వేశారు. నేర్పు అలా తిరగాలి, ఫైళ్లు తిరగకూడదు. యజమానులు కూడా ఒకటి వినండి. మన దేశంలో ట్రేడ్ సీక్రెట్లకి ప్రత్యేక చట్టం లేదు. ఒకటి తేవాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది. ప్రస్తుతానికి కోర్టుకి వెళ్తే మీ ఒప్పందం చూస్తారు, ఆ సమాచారాన్ని మీరు నిజంగా రహస్యంగా చూసుకున్నారా అని అడుగుతారు. 'న్యూ ఫోల్డర్ 2'లో పెట్టి, రహస్యం అంటే ఎవరు నమ్ముతారు?

(ముందు వరసలో ఒకామె: సార్, మేం ప్రభుత్వ టెండర్లు వేస్తాం. మా కాగితాలు ఆర్టీఐలో ఎవరైనా అడిగితే ఇచ్చేస్తారా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. 2005 సమాచార హక్కు చట్టం 8(1)(డి)లో వ్యాపార రహస్యాలకి మినహాయింపు ఉంది. ప్రజాప్రయోజనం అంతకంటే ఎక్కువని అధికారికి అనిపిస్తే ఇవ్వొచ్చు, అది వేరే విషయం. మీకు పనికొచ్చేది 11వ సెక్షన్. మీరు గోప్యంగా భావించి ఇచ్చిన సమాచారాన్ని ఎవరైనా అడిగారనుకోండి. ఇవ్వాలని అధికారి అనుకుంటే, దరఖాస్తు అందిన 5 రోజుల్లో మీకు నోటీసు పంపాలి. నోటీసు అందిన 10 రోజుల్లో మీరు మీ అభ్యంతరం చెప్పుకోవచ్చు. అందుకే టెండర్ వేసేటప్పుడే, ఏ పేజీలు గోప్యమో గుర్తుపెట్టి ఇవ్వండి. రెండొందల పేజీలకీ స్టాంపు గుద్ది ఇవ్వొద్దు. కంపెనీ రిజిస్ట్రేషన్ కాపీ మీద కూడా గోప్యం అని చూస్తే ఆయన మిగతావాటినీ పట్టించుకోడు. రేట్ బ్రేకప్ ఉన్న పేజీలు, ప్రాసెస్ వివరం ఉన్న పేజీలు, వాటికే వేసి, ఎందుకు గోప్యమో కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాలు రాయండి. ఇంకోటి, ఆ నోటీసు టెండర్‌లో మీరిచ్చిన అడ్రసుకే వస్తుంది. ఈ మధ్య అందరూ కూకట్‌పల్లి నుంచి కొండాపూర్‌కి, కొండాపూర్ నుంచి ఇంకో చోటికి ఆఫీసులు మారుస్తున్నారు. మారితే ఆ డిపార్ట్‌మెంట్‌కి రాతపూర్వకంగా చెప్పి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.